పాత ట్రాక్టరుకు ఇంట్లోనే ప్యాకింగ్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కంపెనీ పార్టులు దొరకని ట్రాక్టర్లు మన అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో ఇంకా చాలానే తిరుగుతున్నాయి. హెచ్‌ఎంటీ 2511, బి-275, ఎస్కార్ట్స్ 335 లాంటివి. ఇంజను గట్టిగానే ఉంటుంది, గేర్లు బాగానే పడతాయి, ఒక కాగితం ముక్క దొరక్క బండి వేపచెట్టు కింద నిలబడిపోతుంది. ప్యాకింగులు, అంటే రెండు లోహపు ముఖాల నడుమ లీకు కాకుండా పెట్టే గాస్కెట్లు, సొంతంగా కోసుకోవడం గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమందికి పనికొచ్చేవి ఏరి ఇస్తున్నాం. మందాలన్నీ మిల్లీమీటర్లలో.

ప్రశ్న: మాది హెచ్‌ఎంటీ 2511. టైమింగ్ కవర్ విప్పితే ప్యాకింగ్ తునకలు తునకలుగా వచ్చింది. అనంతపురంలో అడిగితే విడిగా లేదు, ఫుల్ సెట్టే తెప్పించాలంటున్నారు. ఇంట్లో కోసుకోవచ్చా? ఏ కాగితం తేవాల, ఎట్ల కోయాల?
— రైతు, ఉరవకొండ

కోసుకోవచ్చు. టైమింగ్ కవర్ అంటే ఇంజను ముందువైపు టైమింగ్ గేర్లను కప్పే మూత. దాని వెనక ప్రెజర్ ఉండదు, గేర్ల మీంచి చిమ్మే ఆయిలే ఉంటుంది. వేడి కూడా నూరు డిగ్రీల అటూఇటూ. చేతి ప్యాకింగుకు ఇంతకంటే అనువైన చోటు లేదు.

ముందు ఆ తునకల్ని పారేయకండి. రెండు బోల్టుల నడుమ ఉండే చిరగని ముక్కను ఏరి మైక్రోమీటరుతో గానీ వెర్నియరుతో గానీ మందం కొలవండి. అది ఏళ్ల తరబడి నలిగిన మందం కాబట్టి కొత్త కాగితం ఒక మెట్టు ఎక్కువ తీసుకోవాలి. పాతది 0.4 వస్తే కొత్తది 0.5. షాపులో ఆయిల్ పేపరు లేదా ప్యాకింగ్ పేపరు అని అడిగితే ఇస్తారు. 0.25, 0.4, 0.5, 0.8 మందాల్లో మామూలుగా దొరుకుతుంది. కొనేముందు ఒక మూల వేలి చుట్టూ చుట్టి చూడండి. పెళుసుగా చిట్లితే షాపులోనే ఎండిపోయిన సరుకు, వద్దు.

తర్వాత ముఖాలు. సగం లీకులు ఇక్కడే పుడతాయి. బీడు (పోత ఇనుము) ముఖమైతే స్టీలు గీకుడు వాడొచ్చు. అల్యూమినియమైతే చెక్క, ఇత్తడి లేదా గట్టి ప్లాస్టిక్ ముక్కతోనే గీకాలి, ఎందుకంటే ఉలితో పడ్డ ఒక్క గీత మీద ఏ ప్యాకింగూ కూర్చోదు. పెట్రోలుతో తుడిచి, స్టీలు స్కేలు అంచును ముఖం మీద నిలబెట్టి, కింద ఫీలర్ గేజ్ (సందులు కొలిచే పలుచని పట్టాల కట్ట) పెట్టి చూడండి. 0.1 పట్టా దూరిపోతే ముఖం వంగినట్టు. కవర్ చిన్నదైతే మందపాటి అద్దం మీద 180 నంబరు ఉప్పుకాగితం పరిచి, డీజిల్ చల్లి, కవరును ఎనిమిది అంకె వేస్తున్నట్టు రుద్దండి. కడప బండ ఇంట్లో ఉంది కదా అని దాని మీద రుద్దేవాళ్లున్నారు. ఎంత పాలిష్ పట్టినా బండ సమతలం కాదు. అద్దాల షాపులో 10 మి.మీ. అద్దం ముక్క అడిగి తెచ్చుకోండి.

ఇప్పుడు అచ్చు తీయడం. మెకానిక్కులు కాగితాన్ని కవర్ మీద పెట్టి గుండు సుత్తితో అంచుల వెంబడి తట్టుకుంటూ పోతారు. బీడు మీద ఇది చక్కగా పనిచేస్తుంది. సుత్తి చిన్నది కావాలి, 100 నుంచి 200 గ్రాములు చాలు, దెబ్బ కాదు తట్టడమే. అల్యూమినియం మీద మాత్రం ఈ పద్ధతి వద్దు. అంచు గుండ్రబడిపోతుంది, పై వారం అక్కడి నుంచే ఆయిల్ కారుతుంది. అల్యూమినియానికి స్టాంపు ప్యాడు సిరా గానీ, మసి కలిపిన గ్రీజు గానీ పలచగా పూసి కాగితం మీద ఒత్తండి. ఇంకో దారి జిరాక్స్. కవరును కడిగి ఆరబెట్టి, అద్దం మీద పలుచని ప్లాస్టిక్ షీటు పరిచి, కవరును బోర్లించి కాపీ తీస్తే నూటికి నూరు సైజులో వస్తుంది. అయితే కొన్ని మిషన్లు ఒకటి రెండు శాతం తేడా కొడతాయి. పెద్ద కవరైతే రెండు దూరపు బోల్టు రంధ్రాల మధ్య దూరం కాగితం మీదా, కవర్ మీదా కొలిచి సరిచూసుకోవాలి.

కోసే వరస ముఖ్యం. మొదట బోల్టు రంధ్రాలు, తర్వాత లోపలి అంచు, చివర్లో బయటి అంచు. బయటి అంచు ముందే కోస్తే కాగితం బిగువు పోయి వంకర్లు తిరుగుతుంది. 8 మి.మీ. బోల్టుకు 9 మి.మీ. రంధ్రం ఉండాలి, ఒత్తుగా ఉంటే బోల్టు తిరిగేటప్పుడు కాగితాన్ని గుంజుకుపోతుంది. బోలు పంచ్ దొరక్కపోతే సరైన సైజు ఇనుప గొట్టం ముక్కకు బయటివైపు ఆకురాయితో పదును పెట్టుకోండి. కింద చింతమొద్దు ఉండాలి, అదీ అడ్డంగా కోసిన ముఖం పైకి ఉండేట్టు. ఒక్క దెబ్బకు తెగాలి. రెండు మూడు దెబ్బలు వేస్తే అంచు పీచు తేలుతుంది. మర లేని రంధ్రాలు బీడు కవర్లో ఉంటే ఇంకా తేలిక. కాగితాన్ని కవర్ మీదే ఉంచి, రంధ్రం కంటే కాస్త పెద్ద బేరింగ్ గుండును దానిమీద నిలబెట్టి ఒక్కటి కొడితే గుండ్రంగా తెగిపడుతుంది. మర ఉన్న రంధ్రం మీద ఇలా చేస్తే మొదటి మర చెడుతుంది.

ఎదురెదురుగా రెండు రంధ్రాలు కాగానే వాటిల్లో బోల్టులు దించి కాగితాన్ని కదలకుండా నిలిపి, మిగతావి అప్పుడు కొట్టండి. లోపలి అంచు ముఖం అంచుకు ఒక అర మిల్లీమీటరు వెనక్కి ఉన్నా నష్టం లేదు, ముందుకు పొడుచుకు రాకూడదు. పొడుచుకు వచ్చిన పీచు ఊడి ఆయిల్ జల్లెడలో చేరుతుంది.

కోసిన ప్యాకింగును కవర్ మీద ఒకసారి, ఇంజను ముఖం మీద ఒకసారి పెట్టి ఆయిల్ దారుల రంధ్రాలు లెక్కపెట్టండి. కవర్లో లేని రంధ్రం ఇంజను వైపు ఉండొచ్చు. ఒక్క ఆయిల్ రంధ్రం కోయడం మరిచిపోతే దాని అవతల ఉన్న బుష్ ఎండిపోతుంది, లీకు కంటే అది పెద్ద ఖర్చు. అచ్చు మీద బయటివైపు అని రాసి ఉంచుకుంటే తిరగేసి కోసే పొరపాటు తప్పుతుంది. అచ్చును పాత ఎక్స్‌రే ఫిల్ము మీద కోసి దాచుకుంటే మళ్లీ ఈ తంటా ఉండదు.

బిగించేటప్పుడు రెండు వైపులా ఇంజన్ ఆయిల్ తడి చాలు. బోల్టుల్ని ఎదురెదురుగా, రెండు విడతలుగా బిగించండి. 8 మి.మీ. బోల్టుకు 20 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపాలి. బండి ఒకసారి బాగా వేడెక్కి చల్లారాక మళ్లీ ఒక చుట్టు పానా పెట్టి చూడండి.

ప్రశ్న: పెళ్లి పత్రికలు, క్యాలెండర్ అట్టలు, సైకిల్ ట్యూబు ముక్కలు వాడుతుంటారు మా ఊర్లో. పనికొస్తాయా?
— డ్రైవరు, పత్తికొండ

పెళ్లి పత్రిక మెరుగు కాగితం. పైన ప్లాస్టిక్ పొర ఉంటే ఆయిల్ పీల్చదు, వేడికి పొర జారి ప్యాకింగ్ పక్కకు తోసుకొస్తుంది. పొర లేని మందపాటి అట్టను గ్రీజు పట్టించి వాడితే గేర్‌బాక్సు తనిఖీ మూత లాంటి చోట బండిని ఇంటికి చేరుస్తుంది, అంతే. నీళ్లు తగిలే చోట నాని పిప్పి అవుతుంది.

ట్యూబు రబ్బరు ఆయిలుకూ డీజిలుకూ పూర్తిగా పనికిరాదు. నమ్మకం లేకపోతే ఒక ముక్కను కత్తిరించి, కాగితం మీద దాని చుట్టూ గీత గీసుకుని, రాత్రంతా డీజిల్లో వేసి తెల్లారి అదే గీతలో పెట్టి చూడండి. ఉబ్బి గీత దాటిపోతుంది. డీజిల్ ఫిల్టర్ గిన్నె కింద అలాంటిది పెడితే మొదట ఉబ్బి బయటికొస్తుంది, తర్వాత మెత్తబడి గాలి లాగుతుంది. అక్కడ కావలసింది నైట్రైల్ రబ్బరు. ఏ షాపు రబ్బరునైనా ఇదే డీజిల్ పరీక్ష పెట్టి కొనండి.

ప్రశ్న: ట్యాపెట్ కవరుకు కార్క్ ప్యాకింగ్ మూడుసార్లు మార్చినా ఆయిల్ కారుతూనే ఉంది సార్. ప్రతిసారీ బాగా టైటు చేస్తున్నా.
— రైతు, ఆదోని

ఆ బాగా టైటే కారణం కావచ్చు. ట్యాపెట్ కవర్, అంటే ఇంజను పైన వాల్వులను కప్పే మూత, రేకుతో చేసింది. పానా పెట్టి బిగించిన ప్రతిసారీ బోల్టు రంధ్రం చుట్టూ రేకు లోపలికి గుంట పడుతుంది. గుంటల దగ్గర కార్క్ నలిగి చిట్లుతుంది, రెండు గుంటల నడుమ రేకు పైకి లేచి సందు ఇస్తుంది. ఇంకా బిగిస్తే ఇంకా కారుతుంది. కవర్ విప్పి, అంచును సమమైన చోట బోర్లించి చూస్తే ఆ అలలు కంటికే కనిపిస్తాయి. గుంట కింద చెక్క దిమ్మె ఆనించి, లోపలివైపు నుంచి చిన్న సుత్తితో తట్టి రేకును సమం చేయండి. ఇది చేయకుండా ఎన్ని కార్కులు మార్చినా అంతే.

కార్క్ 3 మి.మీ. ఉండాలి, బిగిశాక సుమారు 2 దాకా నలగాలి. రబ్బరు కలిపిన కార్క్ దొరికితే అదే తీసుకోండి, ఉత్తి కార్క్ మన ఎండలకు ఏడాదిలోపే బిస్కెట్టులా విరుగుతుంది. నోటీసు బోర్డులకు అమ్మే కార్క్ వద్దే వద్దు. దాని రవ్వ పెద్దది, రవ్వల సందుల్లోంచే ఆయిల్ దారి చేసుకుంటుంది. కార్కును కవర్ వైపు మాత్రమే జిగురుతో అతికించి, బరువు పెట్టి ఆరనివ్వండి. హెడ్ (సిలిండర్ల పైన బిగించే దిమ్మె) వైపు గ్రీజు వేలితో పలచగా పూస్తే చాలు. రెండు వైపులా అంటిస్తే, ట్యాపెట్లు సెట్ చేయడానికి కవర్ ఎత్తినప్పుడు కార్క్ చిరిగిపోతుంది. నట్లు చేత్తో తిప్పినంత తిప్పి, పొట్టి పానాతో వేళ్ల బలంతోనే ముగించండి.

అన్నీ సరిగ్గా ఉండి కూడా కారితే రెండు చోట్లు చూడాలి. కొన్ని ఇంజన్లకు కవర్ పైనుంచి దిగే నట్ల కింద ఫైబరు లేక రబ్బరు వాషర్లుంటాయి. అవి పోతే ఆయిల్ పైనుంచి కారి అంచు దాకా దిగుతుంది, నింద కార్కు మీద పడుతుంది. కవరును ఆరగా తుడిచి, సుద్దపొడి చల్లి ఇంజన్ ఆడిస్తే తడి ఎక్కడ మొదలైందో తెలిసిపోతుంది. రెండోది బ్రీదర్, అంటే ఇంజను లోపలి పొగ బయటికి పోయే గొట్టం. నల్లరేగడి దుమ్ముతో, ఆయిల్ జిడ్డుతో అది మూసుకుపోతే ఇంజను లోపలి పొగకు పోయే దారి ఉండదు, బలహీనమైన ప్యాకింగును తోసుకుని వస్తుంది. బ్రీదరును డీజిల్లో కడిగి ఊదండి. ఇంజన్ నెమ్మదిగా ఆడుతుండగా ఆయిల్ పోసే మూత తీస్తే పొగ గుప్పుగుప్పుమని వస్తోందా? బ్రీదర్ శుభ్రంగా ఉండీ అలాగే వస్తే పిస్టన్ రింగులు అరిగాయి. ఆ ఇంజనుకు ప్యాకింగు వైద్యం పనిచేయదు.

ప్రశ్న: హెడ్ ప్యాకింగ్ కూడా షీటు తెచ్చి కోసుకుంటే ఎట్లుంటుంది?
— మెకానిక్ షెడ్డు, ప్రొద్దుటూరు

వద్దు. డీజిల్ ఇంజన్లో కుదింపు నిష్పత్తి మామూలుగా 16 నుంచి 18 దాకా ఉంటుంది. మంట అంటుకున్న క్షణాన సిలిండర్లో ప్రెజర్ 60 బార్ దాటుతుంది. కంపెనీ ప్యాకింగులో సిలిండరు బోరు చుట్టూ లోహపు రింగు ఉండేది అందుకే. చేత్తో కోసిన షీటుకు ఆ రింగు ఉండదు, బోరు అంచు కాలి రెండు సిలిండర్ల మధ్యకో నీళ్ల దారిలోకో గ్యాసు దారి చేస్తుంది.

మందం సంగతి ఇంకా పెద్దది. హెడ్ ప్యాకింగ్ మందమే పిస్టనుకూ హెడ్డుకూ నడుమ ఉండే సందును తేలుస్తుంది. మందం పెరిగితే కుదింపు తగ్గి, తెల్లారి స్టార్టింగ్ చెడుతుంది, తెల్లపొగ వస్తుంది. తగ్గితే పిస్టన్ వెళ్లి హెడ్డుకో వాల్వుకో తగులుతుంది. పాత రాగి ప్యాకింగును కాల్చి మళ్లీ వేసే అలవాటూ ఉంది. లోపల ఆస్‌బెస్టాస్ పొర ఉన్న రాగి ప్యాకింగ్ ఒకసారి నలిగిందంటే మళ్లీ పొంగదు, కాల్చినా లాభం లేదు. ఈ ఒక్కటి మాత్రం ఇంజను నంబరు చెప్పి తెప్పించుకోండి, పది రోజులు ఆలస్యమైనా సరే.

ప్రశ్న: ఇంజెక్టర్ అడుగున ఉండే రాగి వాషర్లు కాల్చి మళ్లీ వాడొచ్చంటారు. నీళ్లలో ముంచితే గట్టిపడవా?
— ఐటీఐ విద్యార్థి, కల్యాణదుర్గం

గట్టిపడవు. కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడేది స్టీలు. రాగి దెబ్బకు, ఒత్తిడికి గట్టిపడి, కాల్చితే మెత్తబడుతుంది. తర్వాత నీళ్లలో ముంచినా, గాలికి ఆరనిచ్చినా మెత్తదనం అదే. నీళ్లలో ముంచితే నల్ల పొలుసు రాలుతుంది, చేయడానికి త్వరగా అవుతుంది, అంతే తేడా.

వాషరును తీగకు గుచ్చి, నీడ పట్టున గ్యాసు పొయ్యి మంట మీద పట్టండి. ఎండలో రంగు తెలియదు. మసక ఎరుపు రాగానే తీసేయాలి. నారింజ రంగుకు పోనిస్తే లోహం రవ్వ పెద్దదై బలహీనపడుతుంది. చింతపండు పులుసులో కాసేపు వేస్తే మిగిలిన నలుపు పోతుంది. ఆపైన అద్దం మీద 400 నంబరు కాగితం, రెండు చుక్కల ఆయిల్ వేసి రెండు ముఖాలూ మెల్లగా రుద్దండి. ముఖం మీద గోరు తగిలేంత గాడి ఉంటే ఆ వాషర్ తీసేయాల్సిందే.

ఇంజెక్టర్ దగ్గర ఎక్కువగా జరిగే తప్పు వేరే ఉంది. ఇంజెక్టర్ పీకినప్పుడు పాత వాషర్ గుంటలోనే అతుక్కుని ఉండిపోతుంది, మసి పట్టి కనిపించదు. దాని మీద కొత్తది వేస్తారు. రెండు వాషర్లతో నాజిల్ మొన పైకి లేస్తుంది, డీజిల్ చిమ్మే చోటు మారుతుంది, బండి నల్లపొగ పట్టి బలం తగ్గుతుంది. టార్చ్ వేసి చూడండి, వంచిన తీగతో తడమండి. పాత వాషర్ ఎంత మందమో కొత్తదీ అంతే ఉండాలి. రాగి రేకుతో చేత్తో కోసినవి ఇక్కడ వాడకండి. డీజిల్ పైపుల బోల్టుల దగ్గర మాత్రం, రేకు సమంగా ఉంటే, చేతి వాషర్లు నడుస్తాయి. ఫీడ్ పంప్ (ట్యాంకు నుంచి డీజిల్ లాగే పంపు) లాగే వైపు అవి కాస్త వదులైతే బయటికి డీజిల్ కనబడకపోయినా గాలి లోపలికి పోతుంది. రాత్రి నిలిపిన బండి పొద్దున ఎయిర్ తీస్తే గానీ స్టార్ట్ కాదు.

వాషర్ పట్టిందో లేదో తెలియాలంటే, బిగించాక ఇంజెక్టర్ చుట్టూ సబ్బు నీళ్లు పోసి, చల్లని ఇంజన్ను ఆడించండి. బుడగలు వస్తే గ్యాసు పోతోంది. క్లాంపు నట్లు రెంటినీ సమంగా, పావు చుట్టు చొప్పున బిగించాలి. ఒకటే ముందు బిగిస్తే ఇంజెక్టర్ వాలిపోయి వాషర్ ఒకవైపే కూర్చుంటుంది.

ప్రశ్న: ఆయిల్ పంప్ మూతకు చేతి ప్యాకింగ్ వేసినప్పటి నుంచి, వేడెక్కాక ఆయిల్ ప్రెజర్ ముల్లు కిందికి పోతోంది. ముందు బాగుండేది.
— ట్రాక్టర్ యజమాని, ఎమ్మిగనూరు

మందం ఎక్కువైంది. ఆయిల్ పంప్ మూత ప్యాకింగ్ లీకు ఆపడానికే కాదు, లోపలి గేర్లకూ మూతకూ నడుమ సందును నిర్ణయిస్తుంది కూడా. ఆ సందు మామూలుగా 0.1 లోపే ఉండాలి. పాత కాగితం 0.1 ఉన్నచోట 0.25 వేస్తే సందు 0.15 పెరిగినట్టే. చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ చిక్కగా ఉండి ప్రెజర్ నిలబడుతుంది, వేడెక్కి పలచబడగానే ఆ సందులోంచి వెనక్కి జారిపోతుంది. బండిని ఇంకా తిప్పకండి, బేరింగులు పోతాయి.

మూత విప్పండి. పంపు అంచు మీద అడ్డంగా స్కేలు ఆనించి, ఫీలర్ గేజుతో గేరు తలకూ పంపు అంచుకూ తేడా కొలవండి. దానికి నలిగిన కాగితం మందం కలిపితే వచ్చేదే అసలు సందు. తగిన పలుచని కాగితం దొరక్కపోతే దొరికేదాకా ఆగడమే. కొన్ని పంపులకు ఫ్యాక్టరీలో అసలు ప్యాకింగే ఉండదు, లోహం మీద లోహమే. అలాంటి చోట కొత్తగా ఒకటి కోసి పెట్టడం మరీ తప్పు.

ఇట్లా మందమే కొలతగా పనిచేసే చోట్లు ట్రాక్టర్లో మరికొన్ని ఉన్నాయి. స్టీరింగ్ బాక్సు మూత కింద కాగితాలు, షిమ్ములు (సందు సరిచేసే పలుచని రేకులు) తీసినవి తీసినట్టే వరసలో దారానికి గుచ్చి పెట్టండి. మందం పెరిగితే స్టీరింగ్ ఆట ఎక్కువవుతుంది, తగ్గితే చక్రం బిగుసుకుంటుంది. గేర్‌బాక్సు షాఫ్టు బేరింగ్ మూతలదీ అదే కథ. ఫీడ్ పంప్ కింద మందపాటి ప్యాకింగ్ పెడితే దాని లివర్ క్యామ్ నుంచి దూరమై డీజిల్ తక్కువ లాగుతుంది, లోడు మీద బండి రొప్పుతుంది. సింగిల్ సిలిండర్ ఇంజన్ల ఇంజెక్షన్ పంప్ కింద షిమ్ములైతే నేరుగా టైమింగే. ఒకటి ఎక్కువైతే డీజిల్ ఆలస్యంగా పడుతుంది. వీటి దగ్గర కత్తెర పట్టేముందు మైక్రోమీటరు పట్టాలి.

ప్రశ్న: సైలెన్సర్ మానిఫోల్డుకు ఏది వాడాల? పాత ప్యాకింగ్ గీకితే తెల్లటి దుమ్ము వస్తోంది, ప్రమాదమా?
— వెల్డింగ్ షాపు, పులివెందుల

గీకడం ఆపి ముందు తడపండి. పాత మానిఫోల్డ్ (ఇంజను పొగను సైలెన్సరుకు చేర్చే గొట్టం), హెడ్ ప్యాకింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ, కంటితో చూసి అవునో కాదో తేల్చలేం. ఆ నూలు కంటికి కనపడనంత సన్నగా గాల్లో తేలి ఊపిరితిత్తుల్లో దిగితే మళ్లీ బయటికి రాదు. జబ్బు ఎన్నో ఏళ్లకు గానీ బయటపడదు. సబ్బు నీళ్లు పోసి నానబెట్టి, తడిగా ఉండగానే మెల్లగా గీకండి. గ్రైండరుకు తీగ బ్రష్షు పెట్టి రుద్దడం, కంప్రెసర్ గాలి కొట్టడం రెండూ వద్దు. రుమాలు గానీ ఎన్95 మాస్కు గానీ సరిపోదు, పీ100 ఫిల్టరు ఉన్న మాస్కు పెట్టుకోవాలి. గీకినదాన్ని తడిగానే ప్లాస్టిక్ కవర్లో కట్టేయండి. ఆ బట్టలు ఇంట్లో పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు. కొత్త షీటు కొనేటప్పుడు కూడా చూసుకోండి. దానిమీద ఐఎస్ 2712 అని అచ్చు ఉంటే అది ఆస్‌బెస్టాస్ షీటే. నాన్ ఆస్‌బెస్టాస్ అని అడిగి తీసుకోండి.

అయితే మానిఫోల్డుకు రబ్బరు కలిసిన మామూలు నాన్ ఆస్‌బెస్టాస్ షీటు చాలదు, రబ్బరు కాలి పొడవుతుంది. లోపల ముళ్ల స్టీలు రేకు ఉండే గ్రాఫైట్ షీటు, 1.5 మి.మీ. తీసుకోండి. రేకు కత్తెరతో తెగుతుంది, అంచులు చేతులు కోస్తాయి, తొడుగులు వేసుకోండి. దీనికి ఆయిల్, జిగురు, సిలికాన్ ఏదీ పూయకూడదు. మానిఫోల్డును ముందు స్కేలుతో చూడాలి, ఏళ్ల వేడికి అరటిపండులా వంగి ఉంటే లేత్ షాపులో ముఖం కొట్టించాకే ప్యాకింగ్.

ప్రశ్న: ఇన్ని తిప్పలెందుకు, అంతా సిలికాన్ ట్యూబుతో అయిపోదా?
— డ్రైవరు, జమ్మలమడుగు

కొన్నిచోట్ల అవుతుంది. చాంబర్ (ఇంజను అడుగున ఆయిల్ నిలిచే గిన్నె) మూలలు, టైమింగ్ కవరూ చాంబరూ కలిసే సందు, ఇలాంటి చోట కాగితం మీద మెతుకంత సిలికాన్ మేలే చేస్తుంది. కానీ డీజిల్ తగిలే చోట సిలికాన్ ఉబ్బి జారిపోతుంది. హైడ్రాలిక్ ప్రెజర్ లైన్లో 150 బార్ దాటి ఉంటుంది, అక్కడ ఓ-రింగుకు బదులు సిలికాన్ పెట్టడం చేతులారా ప్రమాదం తెచ్చుకోవడమే.

అసలు చిక్కు ఎక్కువ పూయడంలో ఉంది. బయటికి ఎంత పొంగిందో లోపలికీ అంతే పొంగుతుంది. లోపల పొంగినది ఆరి, ఒకరోజు ఊడి, ఆయిల్ జల్లెడకు అడ్డం పడుతుంది. 2 మి.మీ. తీగంత పోసి, బోల్టు రంధ్రానికి లోపలివైపు నుంచి చుట్టి, పైన పొర కట్టకముందే మూత పెట్టి చేత్తో బిగించండి. గంట తర్వాత పూర్తిగా బిగించి, ఒక రాత్రి ఆరనిచ్చాకే ఆయిల్ పోయండి. ముఖం మీద ఆయిల్ తడి ఉంటే అంటదు.

ప్రశ్న: వాటర్ పంప్ ప్యాకింగ్ ఏటా పోతోంది. బోరు నీళ్లే పోస్తాం.
— రైతు, గుత్తి

ఉప్పు నీళ్లకు ముఖం మీద గుంటలు పడి ఉంటాయి, ఆ గుంటల్లోంచి నీళ్లు ప్యాకింగ్ కిందికి దూరుతున్నాయి. రెండు గొట్టాల మెటల్ ఎపాక్సీ కలిపి గుంటలు నింపి, ఒకరోజు ఆరాక అద్దం మీద రుద్ది సమం చేయండి. 0.8 కాగితానికి రెండు వైపులా షెల్లాక్ (లక్క జిగురు) గానీ సీలెంట్ గానీ పలుచని పొర పూసి బిగించండి. పంప్ బోల్టుల్లో కొన్ని నేరుగా నీళ్ల గదిలోకి దిగుతాయి. వాటి మరలకు కూడా సీలెంట్ పూయకపోతే, నీళ్లు మర వెంబడి పైకొచ్చి బోల్టు తల కింద కారుతాయి, చూసేవాళ్లకు ప్యాకింగే పోయినట్టు ఉంటుంది. బోరు నీళ్లు మాని, డిస్టిల్డ్ నీళ్లకు సగానికి సగం కూలెంట్ కలిపి పోయండి.

ప్రశ్న: నిరుడు కోసి పెట్టుకున్న ప్యాకింగులు ఈ వేసవిలో చూస్తే రంధ్రాలు కలవడం లేదు. పారేయాలా?
— మెకానిక్, తాడిపత్రి

పారేయొద్దు. ఎండకు కాగితంలోని తేమ పోయి కుంచించుకుంది. తడిపి పిండిన గుడ్డల నడుమ పది పదిహేను నిమిషాలు పెట్టి, రంధ్రాలు కలవగానే తీసి వెంటనే బిగించండి. ఎక్కువసేపు ఉంచితే మితిమీరి సాగుతుంది. కార్కైతే గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి ఆరగా తుడిచి వాడండి, అప్పటికే చిట్లితే మాత్రం లాభం లేదు. ఇకముందు ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి కట్టి, రెండు అట్టల నడుమ పడుకోబెట్టి దాచండి. మేకుకు వేలాడదీస్తే కార్క్ సాగి వంకర పోతుంది, రేకుల షెడ్డులో అయితే ఏప్రిల్ దాటకముందే పెళుసవుతుంది.